ముందు పలికినవాడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళలోకి సర్వర్ అనే వస్తువును మొట్టమొదట తెచ్చినవాణ్ణి నేనే. ఈ మాట పెళ్ళిళ్ళలో, దవాఖాన బెంచీల మీద, పింఛను పని మీద ఆఫీసుకు పోయినప్పుడు క్యూలో నిలబడి చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికి వాళ్ళకు తెలిస్తే కదా! కానీ కాగితం మీద పెట్టేసరికి చెయ్యి కొంచెం ఆగుతోంది. తెప్పించింది మా కంప్యూటర్ బడి యజమాని జనార్దన్ సార్. హైదరాబాదు నుంచి బస్సులో, ఒళ్ళో బిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుని తెచ్చింది నాతో పనిచేసే డేవిడ్. నేను మిర్యాలగూడ బస్టాండుకు దించుకోవడానికి వెళ్ళాను. అదీ ఆలస్యంగా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాడు రిక్షాలో పెట్టేశాడు. రిక్షా వెనకాల నడిచాను. ఊరేగింపులో ముందు నడిచినవాడూ వెనక నడిచినవాడూ ఇద్దరూ ఊరేగింపులో ఉన్నట్టే కాబట్టి, నేను చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు.

ఈ పాత సంగతులు ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం కూడా డేవిడే. మొన్న కోదాడ నుంచి ఫోన్ చేసి, వాళ్ళ ఊరి కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షలకు కొత్త హాలు కట్టారనీ, అందులో కంప్యూటర్ల ఏర్పాటంతా తనే చూశాననీ, నేను ఒకసారి వచ్చి చూడకపోతే తనకు తృప్తిగా ఉండదనీ అన్నాడు. నేను మోకాళ్ళ సంగతి చెప్పాను, ఎండ సంగతి చెప్పాను, సూర్యాపేట కొత్త బస్టాండులో కోదాడ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదన్నాను. నేను పుట్టి పెరిగిన ఊరే అది. అన్నీ చెప్పి, మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళాను. చూడకుండా అసూయపడటం నాకు చేతకాదు. ఒకసారి కళ్ళారా చూసి వస్తే, ఇంటికొచ్చాక తీరిగ్గా, కుదురుగా పడొచ్చు.

చూశాను. పెద్ద హాలు, చల్లగా ఉంది. వరసలు వరసలుగా కంప్యూటర్లు, ఒక్కదాంట్లోనూ డిస్కు లేదు. పరీక్ష ఉన్న రోజు పొద్దున డేవిడ్ ఇంట్లో కాఫీ తాగుతూ ఫోను మీద వేలు పెడితే ఇక్కడ హాలంతా మేలుకుంటుందట. ముందు వెనక గదిలో బీరువాలాంటి అరలో ఉన్న సర్వర్లు లేస్తాయట. అవి కూడా సొంత డిస్కు మీద కాదు, తీగలోంచి తమ బుద్ధి తాము తెచ్చుకుని లేస్తాయట. ఆ తరవాత హాల్లోని వాటిని అవి లేపుతాయట. నాకు వాడు లేపి చూపించాడు కూడా. ఒక్క వేలితో. నేను ఈ రోజుల్లో మంచం మీంచి లేవాలంటేనే ముందు ఎడమ చెయ్యి, తరవాత మోచెయ్యి, ఆ తరవాత మా ఆవిడ చెయ్యి కావాలి. బాగుందిరా అన్నాను. ఆ హాల్లో ఏ వాసనా లేదు. కంప్యూటర్లున్న గదికి వాసన లేకపోవడం నాకు కొత్తగా అనిపించి, మేమిద్దరం ఇలాంటివే మొదటిసారి లేపిన గది, ఆ గదిలో పట్టిన ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన ముక్కులోకి వచ్చేశాయి.

మిర్యాలగూడలో రైసు మిల్లుల పక్కనే జనార్దన్ సార్ ఇల్లు. కింద ఇల్లు, పైన పొడవాటి గది. ఆ గదిలో కంప్యూటర్ నేర్పే బడి. సార్‌ది మొదట మిల్లు వ్యాపారమే. ఎవరో చెప్తే ఇందులోకి దిగాడు. నేర్పేవాళ్ళం ఇద్దరం, సూర్యాపేట నుంచి నేను, కోదాడ నుంచి డేవిడ్. డేవిడ్ వాళ్ళ నాన్న బడిపంతులు. మాకు మకాం కూడా ఆ పైగదిలోనే, తిండి కింద. పొద్దున్నే మిల్లులో వడ్లు ఉడకబెడుతుంటే తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఒక ఆవిరి కిటికీల్లోంచి వచ్చి దుప్పట్లలోకి దూరేది. మధ్యాహ్నానికి ఊక బూడిద గాలికి తేలి వచ్చి ఆరేసిన చొక్కాల మీద, పెరుగు గిన్నె మీద, మా కీబోర్డుల సందుల్లో వాలేది. ఆ ఊళ్ళో తెల్లచొక్కా వేసుకున్నవాడు ఊరికి కొత్త అయినా అయ్యుండాలి, పెళ్ళికొడుకైనా అయ్యుండాలి.

ఇంటికి పెద్ద సార్ వాళ్ళమ్మ సత్తెవ్వ. చూపు ఆనేది కాదు, చెవులు మాత్రం మిల్లు మోతలో కూడా పనిచేసేవి. ఆమెకు గ్యాసు పొయ్యి అంటే పడేది కాదు. రోజూ తెల్లారకముందే ఊక పొయ్యి సిద్ధం చేసుకునేది. డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, అరచేత్తో దట్టించి, రోకలిని తిప్పుతూ మెల్లగా పైకి లాగితే మధ్యలో సొరంగంలాంటి దారి పడేది. ఆ దారిలో మంట నిలిచి సన్నగా కాలేది. ఆ మంట మీద వండిన అన్నానికి గిన్నె అడుగున ఎర్రగా, చేటంత చెక్క కట్టేది. దాన్ని విరగకుండా ఊడదీసి, నెయ్యి రాసి, చింతకాయ తొక్కు అద్ది ఇచ్చేది. ఆ చెక్క రోజుకు ఒక్కటే. ఎవరికి అనే దానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అవ్వ మెట్ల కింద నిలబడి, తల పైకెత్తి పిలిచేది.

"ఎవలున్నర్రా పైన?"

ముందు పలికినవాడికి చెక్క. రెండోవాడికి మామూలు అన్నం. ఇందులో పక్షపాతం లేదు, అవ్వకు ఎవరు ఎవరో సరిగ్గా కనపడేది కూడా కాదు. కానీ రోజూ డేవిడే ముందు పలికేవాడు. "నేనున్నానవ్వా" అని వాడి గొంతు మెట్లు దిగేసరికి నా గొంతు ఇంకా నోట్లోనే ఉండేది. నేను పెద్దకుటుంబంలో పుట్టినవాణ్ణి, ఎవరైనా పిలిస్తే ఇంకొకళ్ళు పలుకుతారులే అని చూడటం అలవాటు. వాడు ఒక్కడే కొడుకు. కొన్నాళ్ళకు అవ్వ ఎవలున్నర్రా అనడం కూడా మానేసి, "దావీదూ" అని పిలవడం మొదలుపెట్టింది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. పోటీ పెట్టి, గెలిచినవాడి పేరుతోనే పోటీని పిలిస్తే మిగతావాడు ఏం కావాలి?

ఇక పైగది సంగతి. మిల్లు ధూళి ఫ్లాపీ డ్రైవుల్లోకి పోయి అవి వారానికొకటి చచ్చేవి. విద్యార్థులు తెచ్చే ఫ్లాపీలతో లేనిపోని జబ్బులు అంటేవి. అందుకని సార్ కొత్తగా కొన్న కంప్యూటర్లకు డ్రైవు గానీ డిస్కు గానీ లేకుండా తెప్పించాడు. కడుపు లేని మిషన్లు అనేవాడు సార్, వచ్చినవాళ్ళకు చూపిస్తూ. వాటిలో ఒక చిన్న చిప్పు మాత్రం ఉండేది. స్విచ్ వేయగానే ఆ చిప్పు చేసే పని ఒక్కటే, తీగలోకి ఒక కేక వేయడం. ఎవరన్నా ఉన్నారా, నేను లేచాను, నాకేమీ తెలియదు అని. ఆ తీగకు తగిలించి ఉన్న సర్వర్ పలికి, మిషన్‌ను లేపే బూట్ ఫ్లాపీలో ఉండాల్సిన సరుకంతా తీగలోంచి పంపేది. అది మింగి మిషన్ మనిషయ్యేది. మాకు సర్వర్లు రెండు ఉండేవి. డేవిడ్ తెచ్చిన కొత్తది వాడి బల్ల మీద, సార్ తరవాత ఎక్కడో పాతది దొరికితే కొన్నది నా బల్ల మీద. తీగ మాత్రం ఒకటే. సర్వర్‌కు పేరు పెట్టాలి కాబట్టి వాడు దానికి తన ఊరి పేరు కోదాడ అని పెట్టాడు. నేను ఊరుకుంటానా, నాదానికి సూర్యాపేట అని పెట్టాను. మిషన్ లేచాక ఏ సర్వర్ లేపిందో ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద పడేది.

అవ్వ ఇంట్లో ఏ పద్ధతో, తీగలోనూ అదే పద్ధతి. కేక విన్నవాళ్ళలో ముందు ఎవరు పలికితే మిషన్ వాళ్ళ వెంట పోయేది. రోజూ పొద్దున స్విచ్‌లు వేయగానే గోడ పొడవునా కోదాడ, కోదాడ, కోదాడ. నా బల్ల మీది సూర్యాపేట ఊరికే వేడెక్కుతూ కూచునేది. నాదాని వేగమే ఎక్కువ, ఎందుకో ఆ రోజుల్లో గ్రహచారం బాగాలేదు అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. వేగం ఎక్కువ కాదు, కోదాడ వేగంలో సగం కూడా ఉండేది కాదు. ఒక్కటంటే ఒక్క మిషన్ మీద, కోదాడ ఉండగా, సూర్యాపేట అని పడితే చాలు అన్నదే ఆ వయసులో నా కోరిక. నవ్వుకోండి. మిషన్ దగ్గర్లో ఉన్న సర్వర్ కోసం పిలుస్తుందని పుస్తకంలో ఉంది. దగ్గర అంటే దగ్గరే అనుకుని, ఒక ఆదివారం డేవిడ్ కోదాడ వెళ్ళినప్పుడు నా బల్లను ఈడ్చి మిషన్ల పక్కన, కొస మిషన్‌కు ఆనుకునేలా పెట్టుకున్నాను. సోమవారం పొద్దున మళ్ళీ కోదాడే. డేవిడ్ వచ్చి చూసి, బల్ల ఎందుకు జరిగిందో అడగలేదు. "గాలి బాగా వస్తుందిరా ఇక్కడ" అన్నాడు. నాకు అర్థమయ్యేలా తిట్టడం కూడా రాదు వాడికి.

అలా ఉండగా సార్ ఒకరోజు అన్నం తింటూ, హుజూర్‌నగర్‌లో ఇంకో బడి పెడుతున్నానన్నాడు. ఎరువుల దుకాణం వెనక గది కిరాయికి మాట్లాడాడు. ఒక సర్వర్, దానితోపాటు ఒక మనిషి అక్కడికి పోవాలి. ఎవరనేది దసరా తరవాత చెప్తానన్నాడు. దసరా రోజు కొత్త బ్యాచ్ మొదలు. పిల్లల తల్లిదండ్రులు వస్తారు. ఆ రోజు ఎవరి పని సక్రమంగా కనిపిస్తే వాళ్ళు ఇక్కడ. హుజూర్‌నగర్ చెడ్డ ఊరేమీ కాదు. కానీ అక్కడ మెట్ల కింద నుంచి పిలిచేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో నాకు చెక్క దొరికింది తక్కువే అయినా, దొరుకుతుందేమోనన్న ఆశ రోజూ పొద్దున ఉండేది. అక్కడ అదీ ఉండదు.

బతుకమ్మలు అయిపోయి, ఇల్లంతా తంగేడు, గునుగు పూలు వాడిన వాసన. దసరా ముందు రోజు ఆయుధపూజ. బడికి సెలవు. అవ్వ పూజ పీట ముందు మిల్లు సామానంతా పేర్పించుకుని మెట్ల కిందికి వచ్చింది. ఆ రోజు దావీదూ అనలేదు. పాత పిలుపే పిలిచింది, ఎవలున్నర్రా పైన అని. డేవిడ్ వంగి ఏదో చూస్తున్నాడు, పలకలేదు. నేను ఎగిరి గంతేసి, ఉన్న అవ్వా అని అరిచి, మెట్లు రెండేసి దూకుతూ దిగాను. పూజకు మీ పనిముట్లు తెండి అంది. నా స్క్రూడ్రైవర్ ఇచ్చాను. చేత్తో తడిమి చూసి పక్కన పెట్టింది.

"ఇది నీదాయె. మరి దావీదు సామానేది?"

"వాడు మన పూజకు రాడేమో అవ్వా."

"మనిషి రాకుంటె రాకపాయె. సామానుకేం పట్టింపురా? వానికి బువ్వ పెట్టేది గూడ గదే గద. తీస్కరాపో."

ముందు పలికిన రోజున కూడా వాడి వాటా నేను మోయాలి! పైకి వెళ్ళాను. డేవిడ్ స్నానానికి పోయాడు. వాడి స్క్రూడ్రైవర్ కొత్తది, రంగు పిడిది. దాని పక్కన నాది పాత ఇనప ముక్కలా కనిపిస్తుంది. అందుకని సమానంగా ఉండేది ఏదైనా ఉందా అని చూశాను. అప్పట్లో ఆ నల్లటి తీగ రెండు కొసలకూ టెర్మినేటర్లని రెండు చిన్న మూతలుండేవి, గిల్టు నగల్లా మెరుస్తూ. ఒకటి నా బల్ల వైపు, ఒకటి వాడి బల్ల వైపు. రెండూ తిప్పి ఊడదీశాను. నాదొకటి, వాడిదొకటి, తూకం వేసినా తేడా రాదు. కిందికి పోయి, స్క్రూడ్రైవర్ వెనక్కి తీసుకుని, మూతలు రెండూ అవ్వ చేతిలో పెట్టాను. ఈ బిరడాలు బాగున్నయ్ అని వాటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పీట మీద పక్కపక్కన కూచోబెట్టింది. సాయంత్రం తీసుకుపోదామని వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది. రేపు పొద్దుగూకి జమ్మి తెచ్చినంకనే పీట కదిపేదట. పొద్దున మిషన్లు ఎలాగోలా లేస్తాయిలే అనుకున్నాను. మూతలు లేకపోతే ఏమవుతుందో నాకు తెలియదని కాదు. తీగలో వేసిన కేక కొసకు తగిలి వెనక్కి తిరుగుతుంది, వెనకాల వచ్చే కేకను గుద్దుకుంటుంది, ఎవరి పిలుపూ ఎవరికీ వినపడదు. విద్యార్థులకు బల్ల గుద్ది చెప్పేవాణ్ణి ఈ పాఠం. తెలిసిన సంగతి తనకే జరుగుతుందని మాత్రం ఎవరూ నమ్మరు.

దసరా పొద్దున గది నిండా జనం. వేములపల్లి నుంచి ఇద్దరు ముగ్గురు రైతులు తెల్ల పంచెలతో, పిల్లలను చెయ్యి పట్టుకుని వచ్చారు. సార్ కడుపు లేని మిషన్ల గురించి చెప్పి, చూడండి అని స్విచ్ వేయించాడు. తెరలన్నీ వెలిగి, ఒక్క గీత దగ్గర ఆగిపోయాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగాయి. సూర్యాపేట లేదు, కోదాడ లేదు. వెనక ఎవరో, ఆకలిమీదున్నయేమో సారూ అన్నాడు. కొందరు నవ్వారు. సార్ నవ్వలేదు. డేవిడ్ తన బల్ల వెనక్కి వంగి చూసి, నెమ్మదిగా నా పక్కకు వచ్చాడు.

"మూతలేవిరా?"

"అవ్వ కాడ. పూజల ఉన్నయ్."

"రెండూనా?"

"ఒకటి నీ పేరు మీద."

వాడు నవ్వాడు. గట్టిగా కాదు, ముక్కుతో. నన్ను తిట్టి ఉంటే ఈ వయసు దాకా నేను చాలా తేలిగ్గా ఉండేవాణ్ణి. వాడు కిందికి దిగాడు. నేను సగం మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డాను. వాడు పూజ గది గడప బయటే ఆగి, మూతలు అడగలేదు. గూట్లో దుమ్ముపట్టి ఉన్న రేడియో అడిగాడు. అది పలకక ఏండ్లయింది, నీకెందుకు బిడ్డా అంది అవ్వ. మళ్ళీ పలికిస్తానవ్వా అన్నాడు వాడు. ఇంకేమీ అడగకుండా తీసుకోమంది. నాకు నా మూతనే ఇవ్వని మనిషి! ఆ రేడియో విప్పి, అందులోంచి వంద ఓముల రెసిస్టర్ ముక్కలు నాలుగు కోసి, రెండేసి పక్కపక్కన పేనితే ఒక్కో జత యాభై ఓములకు వస్తుంది. మూతలో ఉండేదీ అంతే. వాటిని తీగ రెండు కొసలకూ టంకం పెట్టింది నేనే. అంటే, టంకం పెట్టింది వాడు. ప్లగ్గు వదులుగా ఉంటే అది ఊడకుండా గోడకు నొక్కి పట్టుకున్నది నేను. కరెంటు లేకపోతే టంకం ఎక్కడిది?

అప్పుడు స్విచ్ వేస్తే మిషన్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. రైతులు ముందుకు వంగి చూశారు. కోదాడ, కోదాడ, కోదాడ. కిటికీ పక్కన కొస మిషన్ మీద మాత్రం, నా కళ్ళతో చూశాను, సూర్యాపేట అని పడింది.

పడలేదు. చాలా ఏళ్ళుగా పడిందనే చెప్తూ వచ్చాను, చెప్పి చెప్పి నాకే కనిపిస్తోంది. దాని మీద కూడా కోదాడే.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని అందరూ అవ్వ కాళ్ళు మొక్కుతుంటే సార్ నన్ను పక్కకు పిలిచాడు. మూతల సంగతి డేవిడ్ చెప్పలేదు, ఎవరు తీశారో సార్ అడగనూ లేదు. "నర్సిమ్మా, నీ మిషిన్ జర సర్దుకో. హుజూర్‌నగర్‌ల నువ్వైతేనే నెగ్గుకొస్తవ్" అన్నాడు. ఓడినవాడికి చెప్పే మాట ఎంత మర్యాదగా ఉన్నా ఓడినవాడికి తెలుస్తుంది. డేవిడ్ జమ్మి ఆకు నా చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని కావిలించుకోబోతే, చొక్కాకు బూడిదుందని పక్కకు జరిగాను.

మర్నాడు పొద్దున నా సామాను, సూర్యాపేట సర్వర్, మెట్ల దగ్గర మూటగట్టి ఉన్నాయి. కింద ఊక పొయ్యి వాసన, చెక్క ఊడదీస్తున్న గరిటె చప్పుడు. అవ్వ వచ్చి పిలిచింది. ఎవలున్నర్రా పైన. నేను పలకలేదు. ఎలాగూ వాడే పలుకుతాడు, పలకనీ అని పళ్ళు బిగించి కూచున్నాను. వాడూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఇద్దరం ఉన్నాం. వాడు నా వైపు చూస్తున్నాడు, నేను మూట వైపు చూస్తున్నాను. ఎప్పుడూ పైకి రాని మనిషి, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ కాలితో వెతుక్కుంటూ వచ్చింది. "ఇద్దరు సచ్చిండ్రా పిల్లగాండ్లు?" అంటూ చెక్కను రెండుగా విరిచి చేతులు చెరోవైపు చాపింది. డేవిడ్ తీసుకున్నాడు. నాకు ఆకలి లేదన్నాను. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. ఆటో వచ్చింది.

హుజూర్‌నగర్‌లో ప్రతి తెర మీదా సూర్యాపేట అనే పడేది. తీగ మీద ఇంకొకరు లేరుగా. ఒక్కణ్ణే పరుగెత్తి ఒక్కణ్ణే మొదట వచ్చినట్టు, దాంట్లో రుచి లేదు. కొన్నాళ్ళకు ఆ బడి మూతపడింది, నేను సూర్యాపేటలో సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూచుని పింఛను దాకా వచ్చాను. అవ్వ పోయిన సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆఖరి రోజుల్లో డేవిడ్ వెళ్తుండేవాడట, ఆ రేడియోను నిజంగానే పలికించి ఇచ్చాడట. అది విన్నప్పుడు కూడా నాకు దుఃఖం కంటే ముందు వచ్చింది ఇదే, వాడికి తెలిసింది, నాకు తెలియలేదు అని.

ఇప్పుడు కోదాడ హాల్లో డేవిడ్ వివరిస్తున్నాడు. ఈ రోజుల్లో మిషన్ కేక వేస్తే ఎవరు పడితే వాళ్ళు పలకడానికి లేదట. ఏ మిషన్‌కు ఏ సర్వర్ పలకాలో ముందే నిర్ణయం చేసి పెడతారట. మంచి పద్ధతే. మా ఇంట్లోనూ అంతే. ఎవరికి కావాల్సింది వాళ్ళ ఫోనులోకి వచ్చి పడుతుంది, వంటింట్లోంచి నా కోడలు అన్నానికి రండి అని మెసేజి పెడుతుంది. గొంతెత్తి, ఎవరు పలుకుతారో తెలియకుండా పిలిచే మనిషి నాకు తెలిసి ఇప్పుడు కూరగాయల బండి అతనొక్కడే, అతనూ మైకులో రికార్డు పెట్టాడు. అప్పటి కష్టం మంచిదని నేను అనను. ఊక బూడిద పడిన పెరుగు తిన్నవాడెవడూ అనడు. కానీ పిలుపు విని గుండె ఒక్క దూకు దూకడం, నేను ముందా వాడు ముందా అనుకోవడం, అది ఎక్కడ పోయిందో తెలియలేదు.

డేవిడ్ వెనక గదికి తీసుకెళ్ళి అర తలుపు తీశాడు. సర్వర్లలో పై రెండింటికి పేర్లు అంటించి ఉన్నాయి. పైదాని మీద కోదాడ. దాని కింద సూర్యాపేట. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి కదా అన్నాడు. అంటే ఇన్నేళ్ళకు కూడా మా ఊరు కింద అరలోనే, పైవాడు పడిపోతే గానీ వంతు రాదు. ఆ మాట నవ్వుతూ అన్నాను, నవ్వు సరిగ్గా కుదరలేదు. వాడు పైదాని వెనక చెయ్యి పెట్టి తీగ పీకాడు. ఫోను తీసి వేలితో నొక్కాడు. హాల్లోకి వచ్చి చూస్తే తెరలన్నీ నల్లగా అయి, ఒక్క క్షణం ఏమీ లేక, ఆ తరవాత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పేరు. సూర్యాపేట, సూర్యాపేట, సూర్యాపేట. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి నిజంగా పడింది.

"గిట్ల ఎందుకు చేస్తున్నవ్‌రా?"

"ఆ రోజు పొద్దున అవ్వ పిలిస్తే నేను పలకలేదు, గుర్తుందా?"

"నీకు ఇనపడలేదనుకున్న."

"వినపడింది. వెళ్ళిపోతున్నావు కదా, ఆ పూటన్నా నువ్వు పలుకుతావని ఊరుకున్నా. పిచ్చోడా, నువ్వూ ఊరుకున్నావు."

"గీ మాట ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏడుస్తావని."

మేం టీ తాగి వచ్చేసరికి ఎవరో కుర్చీలు సర్దుతున్నారు. తెరల మీద ఇంకా మా ఊరి పేరే ఉంది. బస్సు ఎక్కించి, కిటికీలోంచి అరటిపళ్ళు ఇచ్చి, వాడు హాలుకు వెళ్ళాడు. తీగ మళ్ళీ పెట్టడానికే వెళ్ళి ఉంటాడు.

ఇంటికి రాగానే మా ఆవిడతో, కోదాడ పరీక్షల హాలంతా మన సూర్యాపేట పేరు మీదనే నడుస్తుందని చెప్పాను. ఆమె అరటిపళ్ళు గిన్నెలో పెడుతూ, "డేవిడన్న ఆయనది పక్కకు పీకి ఉంటడు. లేకుంటె నీ పేరెందుకు వస్తది?" అంది. తీగలూ సర్వర్లూ ఏమీ తెలియని మనిషి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకు నేను తెలుసు, వాడు తెలుసు, అంతే.

వాడికి హాలుంది, ఒక్క వేలితో లేచే సర్వర్లున్నాయి, అవ్వ చేతి రేడియో మళ్ళీ పలికిన రోజుంది. అవన్నీ పోనీ అనుకోగలను. వాడికి నా మీద అసూయ లేదు, అదే నేను భరించలేకపోతున్నాను. పిలుపు విని కూడా, నోట్లో మాట సిద్ధంగా ఉండి కూడా, ఇంకొకడి కోసం ఊరుకోవడం వాడికి వచ్చు. నాకు రాదు. ఆ రోజు నేను ఊరుకున్నది అలక, వాడు ఊరుకున్నది వేరే. ఈ వయసులోనైనా ఆ విద్య నేర్చుకుందామని, ఇక నుంచి వాడు ఫోన్ చేస్తే వెంటనే ఎత్తకుండా, మా ఆవిడ ఎత్తేదాకా ఊరుకోవాలని నిన్న నిర్ణయించుకున్నాను. ఆమెకు వాడంటే అభిమానం, మాట్లాడితే సంతోషపడుతుంది. ఈ వాక్యం రాస్తుండగానే మోగింది. ఆమె వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వస్తోంది.

మొదటి రింగుకే ఎత్తాను.